పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్పులు, గ్రాంట్లు: విశాఖ నుంచి అప్లై చేసేవాళ్ల కోసం

ప్రకటన వచ్చిన రోజు నుంచి గడువు దాకా మామూలుగా నెల, మహా అయితే నెలన్నర ఉంటుంది. పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని లేదని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రావడానికి రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులకు వారాలు పడతాయి. కాలేజీ పెద్దాయన సంతకం ఆయన ఊళ్లో ఉండే రోజును బట్టి దొరుకుతుంది. ప్రకటన చూశాక పని మొదలుపెట్టేవాళ్లు చివరి రాత్రి పోర్టల్ ముందు ఎందుకు చెమటలు కక్కుతారో ఈ లెక్క చూస్తేనే అర్థమైపోతుంది. అందుకే పని తిరగేసి చేయాలి. ముందు కాగితాలు, తర్వాత ఆశ్రయమిచ్చే సంస్థ, తర్వాత రెండు పేజీల ఆలోచన, అన్నిటికంటే చివర ప్రకటన.

డబ్బు ఎవరి పేరున వస్తుంది?

మొదట తేల్చుకోవాల్సింది ఇది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) లాంటిది మనిషి పేరున వస్తుంది, మీరు ఏ విభాగంలో చేరితే అక్కడికి మీ వెంట వస్తుంది. ప్రాజెక్టు గ్రాంటు సంస్థ ఖాతాలో పడుతుంది. ఐడియా మీదే అయినా చెక్కు మీద సంతకం మీది కాదు. విదేశీ స్కాలర్‌షిప్ ఫీజుగా నేరుగా ఆ యూనివర్సిటీకి, ఖర్చులకు మీకు వస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి 'ఫండింగ్ కావాలి' అని వెతికితే కనబడే ప్రకటనల్లో చాలావరకు మీకు పనికిరానివే.

ఒక్క ఉదాహరణ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 'స్మాల్ గ్రాంట్' అంటే పేరుకే చిన్నది, 2 కోట్ల వరకు ఇస్తారు. ఆపైన 2 నుంచి 8 కోట్ల వరకు 'ఇంటర్మీడియట్' గ్రాంటు. అయితే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే ప్రాజెక్టు బాధ్యత మోసే ముఖ్య పరిశోధకుడు (పీఐ), రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్నవాళ్లే కావాలి. నిరుడు ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) పూర్తి చేసి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లు ఎంత బాగా రాసినా మొదటి వడపోతలోనే ఆగిపోతారు. వాళ్లకు దారి లేదని కాదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోనో, ఆంధ్రా యూనివర్సిటీ ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్ విభాగాల్లోనో, అదే క్యాంపస్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ కింద నడిచే పాపులేషన్ రీసెర్చ్ సెంటర్‌లోనో రెగ్యులర్ ఫ్యాకల్టీ ఒకరిని పీఐగా ఒప్పించి, తాము కో-ఇన్వెస్టిగేటర్‌గానో ప్రాజెక్టు స్టాఫ్‌గానో చేరవచ్చు. ఒప్పించడానికి వెళ్లేటప్పుడు చేతిలో రెండు పేజీల నోట్ ఉండాలి. 'ఏదైనా టాపిక్ చెప్పండి సార్' అని వెళ్తే టీ ఇచ్చి పంపేస్తారు.

కాగితాల సంచి

పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ చేతిలో ఉన్నాయా చూసుకోండి. ఓడీకి ఇంకా అప్లై చేయనివాళ్లు చాలామంది ఉంటారు. 'కాన్వొకేషన్ అయ్యాక చూద్దాం' అని వదిలేసినది సరిగ్గా అప్లికేషన్ రోజుల్లోనే గుర్తొస్తుంది. విదేశీ అప్లికేషన్లకు ట్రాన్‌స్క్రిప్టులు విడిగా తీయించాలి. మెడికల్, డెంటల్, నర్సింగ్ వాళ్లకు అవి విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచి రావాలి, విశాఖలో ఉన్న కాలేజీ ఇచ్చే మార్కుల పత్రం సరిపోదు. కనీసం నాలుగైదు సెట్లు ఒకేసారి తీయించుకోండి.

పేరు తేడాలు మన ప్రాంతపు ప్రత్యేక బాధ. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర. మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. బయటి పోర్టళ్లలో మాత్రం మూడూ మూడు మనుషులు. పాస్‌పోర్టులో ఉన్న పేరునే అన్నిచోట్లా వాడండి. మిగతావాటికి నోటరీ అఫిడవిట్ ఒకటి ముందే చేయించి పెట్టుకోండి.

కుల ధ్రువీకరణలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఓబీసీ దగ్గర. సచివాలయంలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఫెలోషిప్పులకు చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీ లేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ దగ్గర విడిగా తీసుకోవాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలోనూ ఆ కులం ఉంటుందన్న హామీ లేదు, ముందు అది చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరానికే పనికొస్తుంది. మార్చిలో తీసుకున్నది ఏప్రిల్‌లో పాతబడిపోతుంది.

జేఆర్‌ఎఫ్ దారి

పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకు ఇదే అన్నిటికంటే నమ్మకమైన డబ్బు. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. హాస్టల్ తీసుకోకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. హెచ్‌ఆర్‌ఏ ఊరిని బట్టి ఉంటుంది. విశాఖ 'వై' తరగతి నగరం, హైదరాబాద్ 'ఎక్స్'. అందుకే అదే ఫెలోషిప్ మీద హైదరాబాద్‌లో చేరిన స్నేహితుడికి కాస్త ఎక్కువ వస్తుంది. అద్దెలు పోల్చి చూస్తే ఈర్ష్య పడాల్సిన పని లేదు.

జేఆర్‌ఎఫ్‌కు రాయాల్సిన యూజీసీ నెట్ పరీక్ష అనగానే 'మాకు సబ్జెక్టు లేదుగా' అనుకుంటారు ఎంపీహెచ్ వాళ్లు. ఉంది. 'సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్' పేరుతో పేపర్ ఉంది, పాపులేషన్ స్టడీస్‌కు వేరే పేపర్ ఉంది. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లుగా పరీక్ష ఉంటుంది. జేఆర్‌ఎఫ్‌కు జనరల్ అభ్యర్థుల వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్-క్రీమీ లేయర్, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు. ఐసీఎంఆర్ సొంత జేఆర్‌ఎఫ్ పరీక్షలో జనరల్ వయోపరిమితి 28. ఎంబీబీఎస్, బీడీఎస్ చదివి, ఇంటర్న్‌షిప్ చేసి, ఒక ఏడాది ఉద్యోగం చేసి ఎంపీహెచ్‌కు వచ్చినవాళ్లకు ఈ 28 ఇట్టే దాటిపోతుంది. పుట్టినతేదీ లెక్క వేసుకుని ఏ పరీక్షకు ఎన్ని ఛాన్సులు మిగిలాయో కాగితం మీద రాసుకోండి.

పరీక్ష పాసైతే సగం పనే అయింది. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ అడ్మిషన్ ఏపీఆర్‌సెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు రాతపరీక్ష తప్పుతుంది, ఇంటర్వ్యూ తప్పదు. యూజీసీ అవార్డు లెటర్‌కు 3 ఏళ్ల గడువు ఉంది కదా అని నిదానించకండి. గైడ్‌కు ఖాళీ సీటు ఉండడం మరో సంగతి. నోటిఫికేషన్ వచ్చేలోపే ఏ ప్రొఫెసర్ దగ్గర సీటు ఉందో కనుక్కుని, కలిసి మాట్లాడి ఉంచుకోవాలి.

గిరిజన అభ్యర్థులకు ఇంకో తలుపు ఉంది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 నేషనల్ ఫెలోషిప్పులు ఇస్తుంది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి పీజీ చేసిన పిల్లల్లో దీని సంగతి తెలియనివాళ్లు ఎక్కువే.

పీహెచ్‌డీ ఇప్పుడే వద్దు, ఒక ఏడాది అనుభవం కావాలి అనుకుంటే ఐసీఎంఆర్ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో చేరడం మంచిది. పేర్లు చూసి కంగారు పడొద్దు: ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ 1, 2, 3కు నెలకు 18,000, 20,000, 28,000, ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ 1కు 56,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. వాక్-ఇన్ ఇంటర్వ్యూలే ఎక్కువ. ఇలా చేసిన పని తర్వాత విదేశీ స్కాలర్‌షిప్పులకు అనుభవంగా లెక్కకొస్తుంది, కాబట్టి వచ్చేటప్పుడు తేదీలు, వారానికి పనిగంటలు రాసి ఉన్న సర్వీస్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. 'గుడ్ కండక్ట్' అని ఒక్క వాక్యం రాసిచ్చే సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు.

డాక్టర్లకు మాత్రం కేంద్రం కింద ఉన్న ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) నడిపే రెండేళ్ల ఇండియా ఈఐఎస్ (ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్) శిక్షణ ఉంది. 2012లో మొదలైంది. వ్యాధులు ప్రబలినప్పుడు వెళ్లి కారణం తవ్వి తీసే పని. కంప్యూటర్ ముందు కూర్చునే పరిశోధన నచ్చనివాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ప్రాజెక్టు రాయడం: ఒక లెక్క మొత్తం

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు కాబట్టి ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ మండలాల్లో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఎంత ఉందో తెలుసుకోవాలి.

శాంపిల్ సైజు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం రాష్ట్రంలో ఈ వయసు స్త్రీలలో రక్తహీనత సుమారు 59 శాతం. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా సరిపోతుందనుకుందాం. 1.96 వర్గం 3.84. దాన్ని 0.59తో, 0.41తో గుణించి, 0.05 వర్గమైన 0.0025తో భాగిస్తే 372 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మనం ఊళ్లవారీగా గుంపులుగా తీసుకుంటున్నాం, ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి దానికి సర్దుబాటుగా డిజైన్ ఎఫెక్ట్ 1.5తో గుణిస్తే 558. పదిమందిలో ఒకరు దొరకరు లేదా ఒప్పుకోరు. ఇక్కడ 558కి 10 శాతం కలిపి 614 అని రాస్తారు, తప్పు. 0.9తో భాగించాలి, 620 వస్తుంది. తేడా ఆరుగురే, కానీ రివ్యూ చేసే స్టాటిస్టీషియన్ కన్ను సరిగ్గా దానిమీదే పడుతుంది. 31 గూడేలు, గూడేనికి 20 మంది అనుకుంటే లెక్క చక్కగా కుదురుతుంది.

ఇప్పుడు రోజులు. ఒక ఇన్వెస్టిగేటర్, ఒక ల్యాబ్ టెక్నీషియన్ కలిసి ఒక గూడెం రెండు రోజుల్లో పూర్తి చేస్తారనుకుంటే 62 ఫీల్డు రోజులు. నెలకు 22 పనిదినాల చొప్పున మూడు నెలలకు కాస్త తక్కువ. వానాకాలంలో ఫీల్డు పెట్టకండి. గెడ్డలు పొంగితే జీపు అవతలి ఒడ్డునే ఆగిపోతుంది, అదే మలేరియా సీజన్ కూడా కాబట్టి ఏఎన్‌ఎం, ఆశా మీకు టైమ్ ఇవ్వలేరు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఇంకో చిన్న విషయం: సంత రోజు గూడెంలో మనుషులు ఉండరు. ఏ మండలానికి సంత ఏ వారమో ముందే రాసుకుని షెడ్యూల్ వేయండి. ప్రపోజల్‌లో ఈ ఒక్క వాక్యం ఉన్నా, రాసినవాళ్లకు ఆ ప్రాంతం తెలుసని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

బడ్జెట్. శిక్షణకు, ఫీల్డుకు, డేటా ఎంట్రీకి కలిపి ఆరు నెలలు అనుకుంటే 28,000 జీతం మనిషికి 1,68,000, 20,000 జీతం టెక్నీషియన్‌కు 1,20,000, ఆపైన హెచ్‌ఆర్‌ఏ. జీపుకు రోజుకు 3,000 వేసుకున్నా 62 రోజులకు 1,86,000. హీమోగ్లోబిన్ మీటరు స్ట్రిప్పులు లేదా క్యూవెట్లు (రక్తపు చుక్క తీసుకునే చిన్న పలకలు) 620కి పది శాతం వృథా కలిపి 682. డబ్బాకు 50 అయితే 14 డబ్బాలు, అంటే 700. 620 మాత్రమే కొనేవాళ్లు చివరి గూడేల్లో చేతులెత్తేస్తారు. కొన్ని రకాల క్యూవెట్లు డబ్బా మూత తెరిచాక గాలిలో తేమకు పాడైపోతాయి. మన తీరపు గాలి సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బా మీద తెరిచిన తేదీ రాయడం, వాడగానే మూత పెట్టడం శిక్షణలోనే నేర్పాలి. బడ్జెట్‌లో ప్రతి పద్దు పక్కన 'ఎందుకు' అన్న వాక్యం ఒకటి రాయండి. అడిగినదాంట్లో కోత పడేది ముందుగా వివరణ లేని పద్దులకే. లాప్‌టాప్, ప్రింటర్, ఏసీ లాంటివి సంస్థ దగ్గర ఉండాల్సినవి, వాటిని గ్రాంటులోకి లాగితే మిగతా బడ్జెట్ మీద కూడా అనుమానం వస్తుంది.

ఇక ఎథిక్స్. గిరిజనులు, మైనర్లు ఉన్నారు కాబట్టి ఇది ఫుల్ కమిటీ ముందుకే వెళ్తుంది, త్వరిత సమీక్షలో తేలదు. కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర రిజిస్టర్ అయి ఉందా అన్నది మొదటి ప్రశ్న. 15–17 ఏళ్ల అమ్మాయిలకు తల్లిదండ్రుల అంగీకారం, అమ్మాయి సొంత అంగీకారం రెండూ రాతలో కావాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం ఉండాలి, ఆ సాక్షి మీ ప్రాజెక్టు మనిషి కాకూడదు. అంగీకార పత్రం పుస్తక తెలుగులో రాసి తీసుకెళ్తే ఏజెన్సీలో నెగ్గదు. కొన్ని గూడేల్లో కువి, కొన్నిచోట్ల ఆదివాసీ ఒరియా ఇంటి భాష. చదివి వినిపించడానికి ఆ భాష తెలిసినవాళ్లు ఎవరో, వాళ్లకు ఎంత ఇస్తారో బడ్జెట్‌లో ఉండాలి.

కమిటీ తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న: తీవ్ర రక్తహీనత బయటపడితే ఏం చేస్తారు? గర్భిణి కాని స్త్రీలలో డెసీలీటరుకు 8 గ్రాముల కంటే తక్కువైతే తీవ్రం. 'పీహెచ్‌సీకి పంపుతాం' అంటే సరిపోదు. ఏ పీహెచ్‌సీ, ఎవరు తీసుకెళ్తారు, ఆటో ఖర్చు ఎవరిది, వెళ్లారో లేదో ఎవరు చూస్తారు, నాలుగూ రాయండి.

కమిటీ సర్టిఫికెట్‌లో ప్రాజెక్టు పేరు గ్రాంటు అప్లికేషన్‌లో ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మధ్యలో ఎవరో 'ప్రివలెన్స్' తీసేసి 'బర్డెన్' అని అందంగా మారుస్తారు, ఆ ఒక్క మాటకు ఫైలు వెనక్కొస్తుంది. ప్రోటోకాల్ వెర్షన్ నంబరు, తేదీ కూడా సర్టిఫికెట్‌లో ఉండేలా చూసుకోండి.

ఇవి కాక డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) అనుమతి, ఏజెన్సీ అయితే పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్‌కు లేఖ. రెండు ఆఫీసులకూ ఒకే లేఖ కాపీలు తీసుకెళ్లకండి. ఒక్కొక్కరికీ వాళ్లకు ఏం కావాలో, మీరు తిరిగి ఏం ఇస్తారో విడిగా రాయండి. సర్వే ఫలితాలు జిల్లాకు ఒక పేజీలో తెలుగులో ఇస్తామన్న మాట లేఖలో ఉంటే ఫైలు కాస్త త్వరగా కదులుతుంది. ఇచ్చిన మాట తర్వాత నిలబెట్టుకోవాలి మరి.

ఐసీఎంఆర్ కాక ఇంకెక్కడ?

పీజీ థీసిస్ టీబీ మీద అయితే జాతీయ టీబీ కార్యక్రమం కిందే రాష్ట్ర స్థాయి ఆపరేషనల్ రీసెర్చ్ కమిటీ థీసిస్‌కు సాయం ఇస్తుంది. మొత్తం చిన్నదే, కానీ మొదటి గ్రాంటు అనుభవంగా విలువైనది. ఎందుకో పోటీ తక్కువ.

కెరీర్ మొత్తాన్ని మలుపు తిప్పేది ఇండియా అలయన్స్ ఫెలోషిప్. 2008–09లో భారత బయోటెక్నాలజీ విభాగం, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి మొదలుపెట్టినది, ఆఫీసు హైదరాబాద్‌లో. 2025 అక్టోబర్‌లో కేంద్ర క్యాబినెట్ మూడో దశకు 1,500 కోట్లు ఆమోదించింది, అందులో 1,000 కోట్లు భారత వాటా, 500 కోట్లు వెల్‌కమ్ వాటా. క్లినికల్, పబ్లిక్ హెల్త్ విభాగంలో పీహెచ్‌డీ ఉండి తీరాలన్న నియమం లేదు. పోటీ చాలా గట్టిది, ఇంటర్వ్యూ అంతకంటే గట్టిది. ఒకటి రెండు మంచి పేపర్లు, మీ పేరుతో నడిచిన చిన్న ప్రాజెక్టు ఒకటి ఉన్నాకే దిగండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. వెల్‌కమ్ ట్రస్ట్ సొంత ఎర్లీ-కెరీర్ అవార్డుల ప్రకటనలో 'తక్కువ, మధ్య ఆదాయ దేశాల సంస్థలు అర్హులు' అని చూసి సంబరపడతారు. కింద చిన్న అక్షరాల్లో భారత్, చైనా మినహా అని ఉంటుంది. మన దేశంలోని సంస్థలకు దారి ఇండియా అలయన్సే.

పరికరం తయారుచేసే ఆలోచన ఉన్నవాళ్లు పెదగంట్యాడ వైపున్న వైద్య పరికరాల పార్కు మెడ్‌టెక్ జోన్‌ను పక్కింటివాళ్లలా వాడుకోవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సంస్థ బైరాక్ ఇచ్చే 'బిగ్' గ్రాంటు 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది, ఏటా జనవరి 1న, జూలై 1న పిలుపు వస్తుంది. అయితే ఇది ఉత్పత్తికి ఇచ్చే డబ్బు. సర్వేను పరికరంలా ముస్తాబు చేసి పెడితే అక్కడ దొరకదు.

విదేశాలకు

చీవెనింగ్ స్కాలర్‌షిప్ బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు. ఆగస్టులో తెరుస్తారు. 2,800 గంటల ఉద్యోగ అనుభవం కావాలి. వారానికి 40 గంటల చొప్పున 70 వారాలు. మూడు కోర్సులు ఎంచుకోవాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో పబ్లిక్ హెల్త్ ఒక విభాగంగానే ఉంది. మూడేళ్ల అనుభవం, 55 శాతం మార్కులు, మూడేళ్ల డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లకు దానిపైన పీజీ. గడువు సాధారణంగా మే నెలలో. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వారి ఎపోస్ స్కాలర్‌షిప్ కోర్సుల్లో డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు, రెండేళ్ల ఉద్యోగం ఉండాలి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కు బ్రిటన్ పోర్టల్‌లో ఒక అప్లికేషన్, మన విద్యాశాఖ పోర్టల్‌లో ఒక అప్లికేషన్. ఒకటే పెట్టి ఊరుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉష్ణమండల వ్యాధుల పరిశోధన చూసే టీడీఆర్ విభాగం ఇంప్లిమెంటేషన్ రీసెర్చ్‌లో పీజీ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. మన ప్రాంతానికి దగ్గరగా ఢాకాలోని బ్రాక్ యూనివర్సిటీ, ఇండోనేషియాలోని గజా మదా యూనివర్సిటీ ఉన్నాయి. లండన్, బోస్టన్ మోజులో వీటిని చాలామంది చూడను కూడా చూడరు. చవక, పోటీ తక్కువ, మనలాంటి ఆరోగ్య వ్యవస్థల మీదే పాఠాలు.

ఎస్సీ అభ్యర్థులకు సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలు కూడా దీని కిందికే వస్తారు. మొత్తం 125 సీట్లు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు, అర్హత డిగ్రీలో 60 శాతం, క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500 యూనివర్సిటీల్లో చోటు. గిరిజన అభ్యర్థులకు వేరే శాఖ కింద 20 సీట్లు. అడ్మిషన్ లెటర్ చేతిలో ఉన్నవాళ్లకు ఇక్కడ దారి చాలా సుళువు, కాబట్టి యూనివర్సిటీ అప్లికేషన్లు ముందు సంవత్సరం శరత్కాలంలోనే పడాలి.

అమెరికా డబ్బుతో నడిచే ప్రాజెక్టుల ప్రకటనలు ఇప్పుడు రెండుసార్లు చదవండి. అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1తో విదేశీ సాయం పని ఆపేసింది. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా అదే ఏడాది విదేశీ సంస్థలకు ఉప-గ్రాంటుల పద్ధతి మార్చింది. ఉద్యోగం వదిలి చేరేముందు, నిధులు మధ్యలో ఆగితే జీతం ఎవరిస్తారో రాతలో అడగండి. అడగడం తప్పేం కాదు.

వ్యాసాల సంగతి. 'చిన్నప్పటి నుంచి ప్రజాసేవ అంటే ఇష్టం' అన్న వాక్యం ఎన్ని వేల అప్లికేషన్లలో ఉంటుందో ఊహించుకోండి. దాని బదులు మీరు చేసిన ఒక పనిని దగ్గరగా చూపించండి: ఏ పీహెచ్‌సీలో, ఎన్ని రిజిస్టర్లు, ఏ లోపం కనబడింది, ఏం మార్చారు, మారాక ఏమైంది, ఏం మారలేదు. మారనిదాన్ని ఒప్పుకున్న వ్యాసం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

రికమండేషన్ లెటర్ల దగ్గర మన అలవాటు మనల్నే ముంచుతుంది. 'నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను' అంటారు మాస్టారు. ముగ్గురి లేఖలూ మీరే రాస్తే మూడూ ఒకే గొంతులో ఉంటాయి, చదివేవాళ్లు పట్టేస్తారు. లేఖ రాయకుండా, ఒక్కొక్కరికీ వేరు వేరు పేజీ ఇవ్వండి: వాళ్ల దగ్గర మీరు చేసిన పని, తేదీలు, గుర్తుండే రెండు సంఘటనలు. పోర్టల్ పంపే లింకు మాస్టారి స్పామ్‌లో పడిపోవడం మామూలే. గడువుకు పది రోజుల ముందు స్వయంగా వెళ్లి, ఆయన ముందే ఆ మెయిల్ తెరిపించి రండి. వ్యక్తిగత మెయిల్ కాకుండా కాలేజీ మెయిల్ ఇవ్వడం మంచిది.

ఫీజు కట్టమంటే ఆగండి. నెట్ లాంటి పరీక్షలకు ఫీజు ఉంటుంది గానీ, స్కాలర్‌షిప్ 'ప్రాసెసింగ్' పేరుతో డబ్బు అడిగితే అనుమానించండి. ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో చాలావాటికి ఆదాయం యూనివర్సిటీ అడ్మిషన్ల నుంచి వస్తుంది, కాబట్టి పూర్తి స్కాలర్‌షిప్పుల గురించి అక్కడ ఎవరూ ఉత్సాహంగా చెప్పరు.

డబ్బు వచ్చాక

ప్రాజెక్టులో విదేశీ నిధులో, విదేశీ భాగస్వామో ఉంటే ఐసీఎంఆర్ దగ్గర ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, విదేశీ డబ్బు తీసుకునే ఎన్జీఓకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు ఒక సంస్థ ఇంకో సంస్థకు మళ్లించడం 2020 సవరణ తర్వాత కుదరదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. మీకు వ్యక్తిగతంగా వచ్చే స్కాలర్‌షిప్‌కు మాత్రం ఈ చట్టంలో మినహాయింపు ఉంది.

కేంద్ర గ్రాంటు అయితే నిధుల లెక్క చూసే కేంద్ర పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో సంస్థ నమోదు, కొనుగోళ్లు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో. ఏడాది చివర ఖర్చు పత్రం, యుటిలైజేషన్ సర్టిఫికెట్ 12-ఏ నమూనాలో. అది పంపకపోతే రెండో విడత రాదు. మార్చి నెలాఖరులో హడావుడిగా ఖర్చు చేసి ఏప్రిల్ బిల్లులు మార్చి తేదీతో పెట్టడం ఆడిట్‌లో దొరికిపోతుంది. జీతం పద్దులో మిగిలిన డబ్బు ప్రయాణాలకు మళ్లించాలంటే ముందు రాతపూర్వక అనుమతి, తర్వాతే ఖర్చు. ప్రాజెక్టు మొదటి వారంలోనే అకౌంట్స్ సెక్షన్‌లో మీ ఫైలు చూసేది ఎవరో తెలుసుకుని పరిచయం చేసుకోండి. పీఐ కంటే ఆయనతోనే ఎక్కువ పని పడుతుంది.

తిరస్కరణ వస్తే రివ్యూ వ్యాఖ్యలు ఇచ్చారా చూడండి, ఇవ్వకపోతే మర్యాదగా మెయిల్ పెట్టి అడగండి. ఒక కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు వాళ్ల వ్యాఖ్య, కుడివైపు మీరు మార్చిన పేజీ నంబరు రాసుకోండి. వచ్చే ఏడాది అదే ప్రపోజల్ పంపేటప్పుడు ఆ కాగితాన్నీ జత చేయండి. ఎథిక్స్ సర్టిఫికెట్ గడువు ఈలోపు అయిపోయిందేమో కూడా చూసుకోండి.